సంగీతోపాధ్యాయ శిక్షణలో పరిభాష: ‘శ్రుతి’ పదం - విమర్శనాత్మక పరిశీలన

1. ప్రవేశిక

ఒక పదానికి ఒకే అర్థం ఉండడం శాస్త్ర పరిభాషకు ఆదర్శం. సంగీతశాస్త్రంలో ఈ ఆదర్శం అన్నిచోట్లా నిలవలేదు. ‘జాతి’ అనే పదం భరతుని నాట్యశాస్త్రంలో రాగానికి పూర్వరూపమైన స్వరబంధాన్ని తెలిపితే, నేటి తాళశాస్త్రంలో లఘువుకు గల అక్షరసంఖ్యను తెలుపుతుంది. ‘మేళం’ జనకరాగానికీ పేరే, వాద్యబృందానికీ పేరే. గాయకుడికి ఇటువంటి నానార్థాలు పెద్ద అడ్డంకి కావు. సందర్భం అర్థాన్ని పట్టిస్తుంది. సంగీతం బోధించవలసిన వ్యక్తికి మాత్రం ఆ వెసులుబాటు లేదు. తాను ఏ అర్థంలో పదాన్ని వాడుతున్నాడో అతడు విద్యార్థికి చెప్పగలగాలి. ఈ దృష్టితో ‘శ్రుతి’ పదాన్ని పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

2. పత్తికొండ నేపథ్యం

కర్నూలు జిల్లా పశ్చిమభాగంలోని పత్తికొండ కన్నడసీమకు దగ్గరి ప్రాంతం. బళ్లారి కేంద్రంగా ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు నాటకరంగాన్ని తీర్చిదిద్దిన కాలం నుంచి ఈ సీమలో పద్యనాటకానికి ఆదరణ ఉంది. పద్యనాటకానికీ భజనకూ హార్మోనియం ప్రధాన ఆధారం. ఇటువంటి వాతావరణంలో పెరిగి సర్టిఫికెట్, డిప్లొమా పరీక్షలకు సిద్ధమయ్యే విద్యార్థి ‘శ్రుతి’ అనే మాటను పాఠ్యగ్రంథం కన్నా ముందు హార్మోనియం దగ్గరే వింటాడు. ‘సుతి కలపడం’, ‘సుతి తప్పడం’ అతనికి అనుభవంలో ఉన్న విషయాలు. శాస్త్రపాఠం ఈ అనుభవాన్ని ఆధారం చేసుకోవచ్చు. పక్కనపెట్టి కొత్త నిర్వచనంతోనూ మొదలుకావచ్చు. రెండవ మార్గం పట్టినప్పుడే చిక్కు మొదలవుతుంది.

3. మూడు అర్థాలు

మొదటిది ఆధారశ్రుతి. గాయకుడు తన షడ్జంగా నిలుపుకొన్న నాదమిది. తంబురా, శ్రుతిపెట్టె వినిపించేది దీనినే.

రెండవది శాస్త్రగ్రంథాల్లోని సూక్ష్మ నాదాంతరం. నాట్యశాస్త్రం, శార్ఙ్గదేవుని సంగీతరత్నాకరం స్థాయిని 22 శ్రుతులుగా చెప్పాయి. షడ్జగ్రామంలో షడ్జ, మధ్యమ, పంచమాలకు నాలుగేసి, రిషభ, ధైవతాలకు మూడేసి, గాంధార, నిషాదాలకు రెండేసి శ్రుతులు.

మూడవది వాద్యకారుల లెక్క. ఒకటి, ఒకటిన్నర, రెండు, రెండున్నర, మూడు, నాలుగు అంటూ ఏడు వరకు సాగే ఈ సంఖ్యలు హార్మోనియం మెట్లకు పేర్లు. తెల్లమెట్లకు పూర్ణసంఖ్యలు, నల్లమెట్లకు అరలు. మూడుకూ నాలుగుకూ మధ్య నల్లమెట్టు లేదు కనుక ‘మూడున్నర శ్రుతి’ లేదు. అంటే ఈ సంఖ్య కొలత కాదు, గుర్తు మాత్రమే.

4. చిక్కుముడి

‘నాలుగు శ్రుతి’ అని వాద్యకారుడు అన్నప్పుడు అది నాలుగవ తెల్లమెట్టును షడ్జంగా పెట్టుకోవడం. ‘చతుశ్శ్రుతి రిషభం’ అని పుస్తకం అన్నప్పుడు అది ఒక స్వరస్థానం. పదాలను విడదీసి చూస్తే రెండింటిలోనూ నాలుగే, శ్రుతే. అర్థాలకు మాత్రం సంబంధం లేదు. ఒకటి శ్రుతిలో పాడే విద్యార్థికి చతుశ్శ్రుతి రిషభం పలికే మెట్టు ‘రెండు’. నిర్వచనాన్ని కంఠస్థం చేసినవాడు ఇక్కడ తడబడితే తప్పు అతనిది కాదు.

స్వరనామంలోని సంఖ్య కూడా స్థిరమైనది కాదు. నేడు చతుశ్శ్రుతి రిషభం అంటున్న స్థానాన్ని 17వ శతాబ్దపు వేంకటమఖి చతుర్దండీప్రకాశికలో పంచశ్రుతి రిషభం అన్నాడు. 1904లో ఎట్టయపురంలో తెలుగులో వెలువడిన సుబ్బరామ దీక్షితుల సంగీత సంప్రదాయ ప్రదర్శినిదీ ఆ వ్యవహారమే. స్థానం ఒకటే అయినా సంఖ్య మారింది. దీనిని వివరించకుండా 22 శ్రుతుల పట్టికనూ, 12 స్వరస్థానాల పట్టికనూ పక్కపక్కన ఇస్తే, విద్యార్థి రెండవదానిని మొదటిదాని నుంచి లెక్కగట్టబోతాడు. ఆ లెక్క కుదరదు.

ఇరుగుపొరుగు వ్యవహారాలు ఈ విషయంలో మెరుగు. తమిళంలో మెట్టు లెక్కకు ‘కట్టై’ అనే వేరు మాట ఉంది. హిందుస్తానీ గాయకులు ‘సఫేద్ చార్’, ‘కాలీ ఏక్’ అంటూ మెట్టు రంగుతో చెబుతారు. ఈ మూడు అర్థాల భారాన్నీ ఒకే మాటపై మోపినది తెలుగు వ్యవహారం.

5. పరిష్కార దిశ

సంస్కృత పరిభాషను తొలగించి దేశ్యపదాలు పెట్టాలన్న వాదం ఇక్కడ నిలవదు. దక్షిణాది నాలుగు భాషల సంగీతజ్ఞులను కలిపే సూత్రం ఆ పరిభాషే. ప్రాంతీయ పదాలు ఊరూరికీ మారతాయి. కావలసింది పదాలను మార్చడం కాదు, అర్థాలను విడదీయడం. షడ్జాన్ని నిలిపే నాదానికి ఎల్లప్పుడూ ‘ఆధారశ్రుతి’ అనీ, సూక్ష్మాంతరానికి ‘శ్రుత్యంతరం’ అనీ, హార్మోనియం సంఖ్యకు ‘మెట్టు’ అనీ తరగతిలో నియమంగా వాడవచ్చు. అప్పుడు ‘నాలుగో మెట్టు ఆధారశ్రుతిగా చతుశ్శ్రుతి రిషభం’ అన్న వాక్యంలో సందిగ్ధత ఉండదు. స్వరస్థానాలకు ర-రి-రు, గ-గి-గు అనే సంకేతాలు వేంకటమఖి సంప్రదాయంలోనే ఉన్నాయి. సంఖ్యతో పనిలేని ఈ అక్షరాలను ముందు నేర్పి, ‘చతుశ్శ్రుతి’ వంటి పేర్లను చరిత్రతో కలిపి తరువాత చెప్పడం బోధనకు అనుకూలం.

పరీక్షా విధానంలోనూ మార్పు అవసరం. ‘శ్రుతిని నిర్వచింపుము’ అన్న ప్రశ్నకు ఏ ఒక్క నిర్వచనం రాసినా సగం సమాధానమే. మూడు వాక్యాలిచ్చి, ఒక్కొక్కదానిలో శ్రుతి ఏ అర్థంలో వచ్చిందో హార్మోనియంపై చూపమనడం ఉపాధ్యాయునిగా రాబోయేవాని అవగాహనకు సరైన పరీక్ష.

6. ముగింపు

పత్తికొండ భజనమందిరంలో ‘సుతి’ కలిపిన బాలుడు శ్రుతి ఎరగనివాడు కాదు. పదానికి గల మూడు అర్థాలలో ఒకదానిని చెవితో సాధించినవాడు. మిగిలిన రెండింటినీ దానిముందు పేర్చి, భేదం చూపడమే శాస్త్రపాఠం పని. ఆ భేదం ఉపాధ్యాయునికే స్పష్టం కానప్పుడు పరిభాష జ్ఞానానికి ద్వారం కాక గడియగా మారుతుంది. పాఠ్యగ్రంథ రచయితలు నిర్వచనాల సంఖ్యను పెంచడం కన్నా, ఉన్న పదాల అర్థపరిధులను గీసి చూపడం తక్షణావసరం.