ఇంకో రెండేళ్లాగు

మా అక్క కూతురు నిరుడు వేసవి సెలవుల్లో నా బీరువాలోంచి ‘ది అవుట్‌సైడర్స్’ తీసి, “మావయ్యా, ఇది నేను చదవొచ్చా?” అంది. దానికప్పుడు 11 ఏళ్లు. పుస్తకం తీసుకుని పై అరలో పెట్టేశాను. “ఇంకో రెండేళ్లాగు.”

ఏ వయసు పిల్లలకి ఏ పుస్తకం ఇవ్వాలని నన్ను చాలామంది అడుగుతుంటారు. అందుకే కాస్త దర్జాగా చెప్పాను.

కారణాలు లేకపోలేదు. ఆ నవలలో ఒక రాత్రి పార్కులో ఒక కుర్రాడు ఇంకొకణ్ని కత్తితో పొడిచి చంపుతాడు. సిగరెట్లకీ కొట్లాటలకీ లెక్కలేదు. 1990లలో అమెరికాలో బడుల్లోంచీ గ్రంథాలయాల్లోంచీ తీసేయమని ఎక్కువగా అభ్యంతరాలొచ్చిన వంద పుస్తకాల్లో ఇదీ ఉంది.

రాసిందేమో బడికెళ్లే పిల్ల! ఓక్లహోమాలోని టల్సా ఊరి అమ్మాయి ఎస్.ఇ. హింటన్ 15 ఏళ్లకే మొదలుపెట్టింది. 1967లో అచ్చయ్యేనాటికి ఆమెకి 18. ఇది రాస్తున్న రోజుల్లోనే క్లాసులో రచనకి ‘డి’ గ్రేడు వచ్చిందట (ఈ ముక్క నాకు భలే ఇష్టం). ఆడపిల్ల రాసిందంటే సమీక్షకులు తీసిపారేస్తారని ప్రచురణకర్తలు పేరు పూర్తిగా వెయ్యకుండా పొడి అక్షరాలే వేశారు. కథ చెప్పే పోనీబాయ్‌కి 14 ఏళ్లు. పిల్లలు తరచూ తమకంటే రెండు మూడేళ్లు పెద్దవాళ్ల కథలు కోరుకుంటారు కాబట్టి 12 దాటితే చదవొచ్చంటారు.

నేను అంతదూరం ఆలోచించేలోపే మా పిల్ల స్టూలెక్కింది. నాలుగో రోజు రాత్రి భోజనాల దగ్గర అడిగింది. “మావయ్యా, డ్యారీకి తమ్ముడంటే ప్రాణం కదా, మరెందుకు కొట్టాడు?”

కత్తి గురించి అడుగుతుందనుకున్నాను. అందులోని డాలీ అనే కుర్రాడి గురించి అడుగుతుందని ఇంకా భయపడ్డాను. అతను ఖాళీ పిస్తోలు చూపించి, కోరి పోలీసు తూటాలకి ఎదురెళ్లే ఆ ఘట్టం దగ్గర మాత్రం పక్కన పెద్దవాళ్లెవరైనా ఉండాలని ఇప్పటికీ అంటాను. కానీ మా పిల్ల మనసుకి పట్టింది డ్యారీ. అమ్మానాన్నలు కారు ప్రమాదంలో పోతే, కాలేజీ ఆశ వదులుకుని, ఇళ్లకి పైకప్పులు వేస్తూ ఇద్దరు తమ్ముళ్లని సాకే 20 ఏళ్ల అన్న. తమ్ముడు పోనీబాయ్ ఓ రాత్రి పొద్దుపోయి ఇంటికొస్తే చెంప ఛెళ్లుమనిపిస్తాడు.

నేను జవాబు వెతుక్కుంటున్నాను. చారు వడ్డిస్తున్న అక్క అంది, “భయపడిపోయి కొట్టుంటాడే.”

అక్క ఆ పుస్తకం చదవలేదు. నాన్న పోయినప్పుడు ఇంటర్‌తో చదువు ఆపేసి కుట్టుమిషను ముందు కూర్చుంది. నేను చెప్పకుండా సెకండ్ షో చూసి ఇంటికొచ్చిన రాత్రి నన్ను కొట్టింది. ఇరవై ఏళ్లయినా ఆ సంగతి ఇద్దరం ఎత్తలేదు. నేను కంచంలోకే చూస్తూ కూర్చున్నాను.

“ఇంతకీ ఆ పిల్లాడు ఇంటికి తిరిగొచ్చాడా?” అంది అక్క. పిల్ల చెయ్యి ఎండిపోతున్నా కడుక్కోకుండా, మొదటి పేజీ నుంచీ చెప్పడం మొదలుపెట్టింది.