మూత్రాశయమునకు నాడీ ప్రేరణ: అర్హులెవరు?

గోదావరి డెల్టాలో కాలువ లాకులను ఎరుగనివారు అరుదు. నీటి పారుదల తప్పినచో లాకు తలుపు చెడియుండవచ్చును. దిగువ కాలువ పూడియుండవచ్చును. లేదా లస్కరునకు తప్పు ఆజ్ఞ అందియుండవచ్చును. మొదటి రెండు లోపములకు ఆజ్ఞను సరిదిద్ది ప్రయోజనము లేదు. మూత్రాశయము సంగతియు ఇట్టిదే.

త్రికాస్థి నాడీ ప్రేరణ అను చికిత్స ఆజ్ఞలను సరిదిద్దునట్టిది. వెన్నెముక అడుగుననున్న త్రికాస్థి రంధ్రము గుండ సన్నని తీగను పంపి, పిరుదు చర్మము క్రింద అమర్చిన చిన్న యంత్రముచే నాడికి స్వల్ప విద్యుత్తు నిత్తురు. శాన్‌ఫ్రాన్సిస్కోలో తనాగో, ష్మిట్ అను వైద్యులు దీనికి పునాది వేసిరి. అమెరికా ప్రభుత్వము 1997లో ఆపుకొనలేక మూత్రము పోవువారికిని, 1999లో మాటిమాటికి పోవలసివచ్చువారికిని, అడ్డు లేకయే మూత్రము నిలిచిపోవువారికిని దీనిని అనుమతించినది. దగ్గినపుడు మాత్రమే మూత్రము జారువారికి తలుపు బలహీనము. ప్రోస్టేటు గ్రంథి పెరిగి మార్గము మూసికొన్నవారికి కాలువ పూడినది. వీరికిది తగిన చికిత్స కాదు.

ఎంపిక పద్ధతి మెచ్చదగినదే. వ్యాయామములు, మందులు చాలనపుడు తీగను తాత్కాలికముగ అమర్చి, కొన్ని దినములు మొదలు రెండు వారములవరకు పరీక్షింతురు. బాధ కనీసము సగము తగ్గినచో యంత్రమును శరీరములో అమర్చుదురు. ఫలితమును ముందుగనే చవిచూపు శస్త్రచికిత్సలు కొద్ది.

అయితే ఈ సగమును మాత్రమే పట్టుకొన్నచో చిక్కు కలదు. ఒక స్త్రీకి దినమునకు 12 మార్లు బట్ట తడియునది 6కు తగ్గినదనుకొనుడు. మరొకరికి 10 నుండి 6కు తగ్గినది. మొదటి తగ్గుదల 50 శాతము గనుక ఆమె అర్హురాలు. రెండవది 40 శాతము గనుక ఆమె కాదు. కాని ఇరువురికిని మిగిలినది 6 మార్లే! రెండవ ఆమెకు రాత్రి నిద్ర దక్కి, నాట్లకు పోగల ధైర్యము వచ్చియుండవచ్చును. శాతము ఆ సంగతి చెప్పదు.

పైగా ఈ లెక్క అంతయు రోగి వ్రాసికొను దినచర్యపై ఆధారపడును. చదువురాని కూలీ స్త్రీ లెక్క తప్పినచో ఆమె నాడి పనిచేయలేదని తీర్మానించుట అన్యాయము. సూర్యుడు, చంద్రుడు బొమ్మల క్రింద గీతలు గీయించినను, కొలత గిన్నె ఇచ్చినను ఈ కొరత చాలవరకు తీరును. ఏమి తిరిగి పొందగోరుచున్నదో ఆమెనే ముందుగ అడుగవలెను. యంత్రమును సవరించుటకు కోనసీమ పల్లెనుండి దూరపు ఆసుపత్రికి పలుమార్లు రాగలదా, బ్యాటరీ అయిపోయినపుడు మార్పించుకొనగలదా అనునవి కూడ అప్పుడే విచారింపవలెను.