పలనాటి వీరచరిత్ర: కర్తృత్వవిచారము

1911లో అక్కిరాజు ఉమాకాంతముగారు పలనాటి వీరచరిత్రను ప్రకటించిన నాఁటినుండి, అది శ్రీనాథకృతమగునా కాదా యను చర్చ తెగలేదు. ప్రాసలేమిని బట్టి కర్తృత్వమును నిరాకరించుట చెల్లదు. మంజరీద్విపదకుఁ బ్రాస విధి లేదు. శృంగారనైషధమునందలి సమాసప్రౌఢి యిందుఁ గొఱవడినదనుట బలవత్తరమగు నాక్షేపము. కాని పాటకుఁ దగిన శైలియు, పఠనమునకుఁ దగిన శైలియు నొకటి గావు.

క్రీడాభిరామమున నీ వీరకథాగానమే వర్ణితము. కారెమపూడి యుత్సవములలో వీరవిద్యావంతుల నోట నదియే వినఁబడును. కావున గ్రంథమందలి జానపదప్రయోగములు గాయకపరంపరనుండి వచ్చినవి కావచ్చును. దుర్గి శిల్పి పూర్వులు చెప్పిన కొలతలనే పాటించినను, శిలపై నతని యులిజాడ వేఱుగాఁ దెలియును. శ్రీనాథుని యులిజాడ యెచటనో తేల్చవలెనన్న, గాయకుల పాఠములతో ముద్రితప్రతిని సరిపోల్చవలెను. అంతకుముందే వ్యాకరణమును జూపి పాఠములను దిద్దుట సాక్ష్యమును జెఱుపుటయే యగును.