ఎనిమిది బై నాలుగు ఇల్లు

మన ఊళ్లో ఏ ప్లైవుడ్ దుకాణానికి వెళ్లినా ముందు చూపించేది ఎనిమిది బై నాలుగు షీటే. అమెరికాలోనూ అదే కొలత. ఆ షీటును అడ్డంగా నిలబెట్టి, ముందువైపు గుండ్రంగా లేచి వెనక్కి వాలిపోయే గీత ఒకటి గీస్తే, పక్కకు ఒరిగిన నీటిబొట్టులా ఉంటుంది. గీత వెంట కోస్తే టియర్‌డ్రాప్ ట్రైలర్‌కు ఒక గోడ తయారైనట్టే. కారు వెనక తగిలించుకుని వెళ్లే ఈ చిన్న ఇంట్లో ఇద్దరు పడుకునే పరుపు, వెనక తలుపెత్తితే వంటగది. అంతే.

1930లలో అమెరికన్ పత్రికలు దీని నమూనాలు అచ్చువేసి, ఇంట్లోనే చేసుకోమన్నాయి. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక మిగిలిపోయిన విమానాల అల్యూమినియం రేకులు, జీపు చక్రాలు ఈ బళ్లకు పనికొచ్చాయి. 1947లో ‘మెకానిక్స్ ఇలస్ట్రేటెడ్’ ఇచ్చిన నమూనాను ఇప్పటికీ తీసి చూసేవాళ్లున్నారు. 1960ల నాటికి పెద్ద ట్రైలర్ల మోజులో ఇవి మరుగునపడి, 1990లలో మళ్లీ ఊపందుకున్నాయి.

పని గోడలతో మొదలవుతుంది. మొదటి గోడ అంచుల్ని నున్నగా తోమి, రెండో షీటు మీద బిగించి, దాన్నే అచ్చుగా పెట్టుకుని రెండోది కోస్తారు. రెండింటికీ తేడా వస్తే కప్పు మెలితిరుగుతుంది. గోడ నుంచి గోడకు అడ్డపట్టీలు బిగించాక, వాటి మీదుగా పలుచని ప్లైవుడ్‌ను వంచాలి. మొండిగా వంచితే ఫట్‌మని విరుగుతుంది. అందుకే వంపు ఎక్కువున్నచోట వేడినీళ్లతో తడిపి, తాళ్లతో లాగి కట్టి, రాత్రంతా వదిలేస్తారు. చెక్క ఆ వంపుకు అలవాటుపడి, బాగా ఆరాకే జిగురూ స్క్రూలూ.

అసలు పరీక్ష వెనక తలుపుది. గోడ వంపునే అనుసరించి కోసిన పక్కటెముకల మీద దాన్ని తయారుచేస్తారు. బిగించి ఉన్నంతసేపూ గోడకు అతికినట్టే కూర్చుంటుంది. కట్లు విప్పగానే చెక్క తన పాత స్వభావం వైపు కాస్త మళ్లుతుంది, కింది అంచు వేలిమందం బయటికొస్తుంది. ఆ సందులోంచే వాన లోపలికి దిగేది. అనుభవజ్ఞులు ఇది ముందే లెక్కలో పెట్టుకుని, పక్కటెముకల్ని గోడకన్నా రవ్వంత ఎక్కువ వంపుతో కోస్తారు. చెక్క మళ్లినంత మళ్లి, సరిగ్గా గోడ దగ్గర ఆగుతుంది.

బరువు సంగతి గూడుబండి తోలిన రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. వెనక బరువెక్కితే కాడి లేచి ఎద్దుల మెడ బిగుస్తుంది. ఇక్కడా అంతే. మొత్తం బరువులో నూటికి 10 నుంచి 15 వంతులు కారు కొక్కెం మీద పడేలా, ఇరుసును నడుమకు కాస్త వెనగ్గా పెడతారు. లేదంటే వేగం అందుకున్నాక ట్రైలర్ అటూ ఇటూ ఊగి, కారునే తనవైపు లాగేస్తుంది.

ఇంత శ్రమ ఎందుకంటే, కొన్న బండిలో ఏ అతుకు ఎక్కడుందో మనకు తెలియదు. చేసుకున్న బండిలో ప్రతి స్క్రూ మన చేతికి గుర్తు. వాన చుక్క పడితే ఎక్కడ వెతకాలో తెలుసు. పైగా షీటు కొలతే హద్దు కాబట్టి, ఏ సామాను అక్కర్లేదో ముందే తేల్చుకోక తప్పదు. ఆ తేల్చుకోవడంలోనే ప్రయాణం తేలికవుతుంది.

తెల్లారి, ఏ చెరువుగట్టునో బండి ఆపినవాడు ఆ వెనక తలుపు పైకెత్తుతాడు. నెలల తరబడి సతాయించిన ఆ వంపే ఇప్పుడు పొయ్యి మీద పందిరి. దాని నీడలో టీ మరుగుతూ ఉంటుంది.