డిటెక్టివు నవల గిట్టుబాటవుతుందా?

"ఒరే, డిటెక్టివు నవలలు కొత్తగా రాయించి వేద్దామనుకుంటున్నాను. పెట్టుబడిలో సగం నువ్వు పెడతావా?" అని కిందటేడు తెనాలి నుంచి నా చిన్ననాటి స్నేహితుడు ఫోను చేశాడు. వాడిది చిన్న ప్రచురణ సంస్థ. నాది కంప్యూటరు ఉద్యోగం. అవునో కాదో చెప్పేముందు ఎక్సెల్ తెరవడం మా వృత్తిధర్మం.

ఇక్కడి మిత్రులిద్దరిని సలహా అడిగాను. ఒకాయన "ఒకప్పుడు జనం ఎగబడి చదివారండీ, మళ్ళీ చదువుతారు. ఆ లాభంతో మంచి సాహిత్యం కూడా వేయొచ్చు" అన్నారు. ఇంకొకాయన "ఇప్పుడు హత్యలన్నీ ఫోన్లోనే చూస్తున్నారు, పుస్తకం ఎవరు కొంటారు?" అన్నారు. రెండూ సబబుగానే వినిపించాయి. కానీ చదవడమూ కొనడమూ ఒకటేనని ఇద్దరూ అనుకున్నారు. చిక్కంతా అక్కడే ఉంది.

నా సంగతే చూడండి. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్‌నీ, మధుబాబు గారి షాడోనీ అద్దె పుస్తకాల కొట్లో రోజుకి అర్ధరూపాయి ఇచ్చి చదివాను. మా ఇంట్లో ఒక్కటీ కొన్న పాపాన పోలేదు. కొన్నది కొట్టాయన, అట్ట ఊడేదాకా అదే కాపీ ఊరంతా తిరిగింది. ప్రచురణకర్తకి అసలు ఖాతాదారు ఆ కొట్టే. యండమూరి నవలలది ఇంకో దారి. ముందు వారపత్రికలో సీరియలు, తర్వాత పుస్తకం, ఆపైన 1983లో 'అభిలాష'లాగా సినిమా. అంటే ఆ రోజుల్లో కూడా పుస్తకం ఒక్కటే బండి లాగలేదు. ఇప్పుడు అద్దె కొట్లు దాదాపు పోయాయి. వారపత్రికల్లో కొన్ని 2020లో కరోనా దెబ్బకి అచ్చు ఆపేశాయి. జనానికి మోజు తగ్గలేదు గానీ, పుస్తకం వాళ్ళదాకా చేరే దారి మూసుకుపోయింది.

మరి వేరేచోట ఎలా నెగ్గుకొస్తున్నారు? 2004లో అమెరికాలో మొదలైన హార్డ్ కేస్ క్రైమ్ సంస్థ పాత క్రైమ్ నవలలనీ కొత్తవాటినీ ఒకే తరహా బొమ్మల అట్టలతో వేస్తూ వచ్చింది. 2005లో స్టీఫెన్ కింగ్ కూడా వాళ్ళకో నవల ఇచ్చాడు. ఒకటి నచ్చినవాడు అట్ట గుర్తుపట్టి రెండోది తీసుకుంటాడు. ఇంగ్లీషు మార్కెట్టుతో మనకి పోలిక లేదు, నిజమే. అయినా విడి నవలకంటే వరసగా వేస్తేనే ఆశ అన్న పాఠం మనకీ పనికొస్తుంది.

అదే లెక్క మావాడికి చెప్పాను. ఒకే డిటెక్టివుతో ఆరు నవలలు, ఈ-బుక్కు, ఆడియో, సినిమా హక్కులు. అన్నీ కలిపితే బొటాబొటీగా సరిపోయింది. వాడు విని, "అన్నీ బాగానే ఉన్నాయి గానీ, రాసేవాడికి ఎంత వేశావురా?" అన్నాడు.

కాగితం, ప్రింటింగు, షాపు కమీషను, పోస్టేజీ అన్నీ రాశాను. రచయిత పారితోషికానికి గడే లేదు! మన సంకలనాలకి ఊరికే రాసి రాసి, నాకా ఆలోచనే రాలేదు. ఆరు నవలలు వరసగా రాయాలంటే రచయిత కూడా దాంతో బతకాలి కదా. ఆ గడి చేర్చగానే మొత్తం లెక్క ఎర్రబడింది.

అయినా సగం పంపాను. చందాలతో సంకలనాలు వేసుకునే మనం వాటి లాభనష్టాలు ఎప్పుడూ చూసుకోలేదు. డిటెక్టివు నవలనే ఎందుకు నిలదీయాలి? ఇవాళ నేను గంభీరమైన కథలు చదువుతున్నానంటే, తెలుగు చదివే అలవాటు చేసింది యుగంధరే. షరతు మాత్రం ఒకటి పెట్టాను: మొదటి చెక్కు రచయితకి వెళ్ళాలి.