గడ్డిపరక గట్టు దాటితే

మసనోబు ఫుకువోకా ‘గడ్డిపరకతో విప్లవం’ నేను రెండుసార్లు చదివాను. మొదటిసారి హైదరాబాద్‌లో, ఆఫీసుకు పోయే బస్సులో. ఆ ఊపులో నిడమనూరు పోయి, వరికొయ్యలు కాలబెట్టొద్దని మా నాయనకు క్లాసు పీకి, పుస్తకం ఆయన చేతిలో పెట్టి వచ్చాను. నెల తర్వాత ఫోన్‌లో ఆయన ఒకటే అడిగిండు: “అంతా మంచిగనే ఉంది గానీ, ఈ పెద్దమనిషి పండించిన వడ్లు ఏడికి పోయినయిరా?” రెండోసారి చదివింది ఆ ప్రశ్న కోసం.

పుస్తకం తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఫుకువోకా (1913–2008) మొక్కల తెగుళ్లు చదువుకున్న మనిషి. యొకొహామాలో కస్టమ్స్ ఉద్యోగం వదిలేసి షికోకు దీవిలోని సొంతూరికి వెళ్లిపోయాడు. ఈ పుస్తకం జపనీస్‌లో 1975లో, ఇంగ్లీషులో 1978లో వచ్చింది. ఆయన దున్నడు, నాట్లు వేయడు. వరి ఇంకా నిలబడి ఉండగానే అదే చేలో బార్లీ, రై గింజలు చల్లుతాడు. కోసి నూర్చాక గడ్డినంతా తిరిగి అదే మడిలో పరుస్తాడు. నేలంతా క్లోవర్ అల్లుకుని ఉంటుంది. దాని వేళ్ల బుడిపెల్లోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది.

బడిలో బట్టీపట్టిన ఒక పాఠం ఈ పుస్తకంలో ప్రాణం పోసుకుంటుంది. శక్తి ఒకవైపే నడుస్తుంది. ఎండ ఆకులో చేరి, గడ్డయి, పశువుకో పురుగుకో సూక్ష్మజీవికో తిండయి, మెట్టు మెట్టుకూ వేడిగా పోతుంది. రేపటికి మళ్లీ కొత్త ఎండ కావాల్సిందే. పదార్థం అలా కాదు. భాస్వరం, పొటాష్ రోజూ ఆకాశం నుంచి దిగవు, ఉన్నవే తిరగాలి. ఫుకువోకా గడ్డి పరిచే పని ఒక్కటి వర్ణిస్తూ ఇదంతా అర్థం చేయిస్తాడు.

మా దిక్కు కూడా ఒకప్పుడు గడ్డి వాము నుంచి కొట్టానికి, కొట్టం నుంచి పెంటకుప్పకు, ఎండాకాలం బండ్ల మీద మళ్లీ పొలానికి తిరిగేది. ఎడ్లు పోయాయి, కోత మిషన్ వచ్చింది, గడ్డి మడిలోనే మిగిలింది. ఇక అగ్గిపుల్ల.

టన్ను వరిగడ్డిలో సుమారు 5–8 కిలోల నత్రజని, 12–17 కిలోల పొటాషియం ఉంటాయి. ఎకరాకు రెండు టన్నుల గడ్డి అనుకుంటే, మంటలో పోయే నత్రజని 10–16 కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలో ఉండేదే దాదాపు 21 కిలోలు. అంటే అర బస్తా నుంచి ముప్పావు బస్తా పొగైపోతోంది. నేను నాయనకు పీకిన క్లాసు ఇదే. అయితే పొటాషియం చాలావరకు బూడిదలో మిగులుతుంది. అందరూ మెచ్చుకునే బేలర్ సంగతి చూడండి. గడ్డిని కట్టలు కట్టి లారీకెక్కిస్తే పొగ రాదు, ఎక్కడో బర్రెలకు మేత దొరుకుతుంది. మంచిదే. కానీ పొటాషియం మొత్తం గట్టు దాటిపోతుంది, ఆ బర్రెల పెంట ఈ మడికి తిరిగి రాదు.

ఇక వడ్లు. మావి మిర్యాలగూడ మిల్లులకు పోతాయి. ఊక బాయిలర్‌లో మండుతుంది. గింజలోని భాస్వరం ఎక్కువగా ఉండేది తవుడులో. నూనె తీశాక ఆ తవుడు దాణాగా ఇంకో జిల్లాకో రాష్ట్రానికో పోతుంది. బియ్యం నా పళ్లెంలోకి, అక్కణ్ణుంచి హైదరాబాద్ మురుగులోకి, మూసీలోకి. మూసీ నల్గొండ మీదుగానే పారి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. కానీ అది సాగర్‌కు దిగువన, ఆ నీళ్లు మా కాలువకు ఎక్కవు.

నాయన ప్రశ్నకు పుస్తకంలో జవాబు దాదాపు లేదు. పంటను కొనేవాళ్ల రుచుల గురించి, ధరల గురించి ఫుకువోకా రాస్తాడు. తిన్నది తిరిగి మడికి చేరే దారి మీద మాత్రం ఆయన చూపు నిలవదు. గడ్డి కుళ్లడానికి కాస్త కోళ్ల ఎరువు చల్లుతానంటాడు. ఆ కోళ్లు తిన్న దాణా ఎవరి మడిలోది? వెళ్లిపోయిన గింజ లోటును పూడ్చే ముఖ్యమైన పద్దు అది, పుస్తకంలో ఒక చిన్న ప్రస్తావనగా దాటిపోతుంది.

నీళ్ల సంగతీ ఉంది. ఆయన వరిలో నీళ్లు నిలిపేది వానల్లో వారం రోజులే. సాగర్ కాలువలకు నీళ్లు వదిలింది 1967లో. ఎడమ కాలువ వచ్చాక మాది నిలువ నీటి వరి. ఇక్కడ గడ్డిని కరిగట్లో తొక్కితే గాలాడని బురదలో మీథేన్ పుడుతుంది, నాటుకు అందాల్సిన నత్రజనిని కొన్నాళ్లు సూక్ష్మజీవులే పట్టుకుంటాయి. వానాకాలం కోతకూ యాసంగి నాటుకూ నడుమ గడ్డి కుళ్లేంత వ్యవధి రైతుకు దొరకదు.

కాబట్టి పుస్తకం తప్పా? గట్టు లోపల అది చెప్పింది నిజం. కానీ మనలాంటి పట్నం పాఠకులకు అది అంత హాయిగా తోచడానికి కారణం, మారాల్సింది అగ్గిపుల్ల పట్టుకున్నవాడే అనిపించడం. ఆ చక్రం తెగిన చోట్లలో ఒకటి నా అపార్ట్‌మెంట్ బాత్రూమ్. అది నేను బస్సులో చదివినప్పుడు తట్టలేదు, నాయనకు మొదటి చదువులోనే తట్టింది.

ఈ యాసంగికి ఒక్క మడిలో నాటు మానేసి, గడ్డి అట్లనే ఉంచి పెసలు చల్లి చూస్తనంటున్నాడు. పుస్తకం ఇంకా ఆయన దగ్గరే ఉంది.