తారు చల్లబడ్డాకే తొలి అడుగు

పెద్ద హనుమాన్ జయంతికి ముందు రోజు, కోరుట్లలో పొద్దు గూకే వేళ. కాషాయ బట్టల్లో స్వాములు గుడి ముందు బారులు తీరి ఉంటారు. మెడలో మాల, తల మీద ఇరుముడి, కాళ్ళకు చెప్పుల్లేవు. కుర్ర స్వాములకు కాలు నిలవదు. పెద్ద గురుస్వామి మాత్రం అరికాలు తారు మీద ఆనించి, మనసులో పది లెక్కబెట్టి వెనక్కి తీస్తాడు. "ఇంకొంచెం ఆగుదాం స్వామీ, రోడ్డు ఇంకా సల్లవడలే" అంటాడు. "ఆంజనేయుడే తీస్కపోతడు గద స్వామీ" అని వెనక నుంచి ఒక గొంతు. "తీస్కపోతడు. కాళ్ళు మనయే గద!"

కొండగట్టు కాలినడకలో ఉన్న విద్యంతా ఆ రెండు మాటల మధ్యనే ఉంది.

జగిత్యాల జిల్లా మల్యాల మండలం ముత్యంపేట దగ్గరి కొండగట్టు మీద వెలసిన ఆంజనేయస్వామికి మాల వేసుకొని, నడిచి వెళ్ళి, అక్కడే మాల తీయడం ఈ ప్రాంతపు ఆనవాయితీ. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల, కరీంనగర్ ఏ దిక్కు నుంచి చూసినా ఆ రోజుల్లో బాటలన్నీ కాషాయమే. చైత్ర పౌర్ణమి చిన్న జయంతి, వైశాఖ బహుళ దశమి పెద్ద జయంతి. ఈ రెంటి మధ్య ఒక లెక్క ఉంది. పౌర్ణమి ఒకటి, చైత్ర బహుళంలో పదిహేను, వైశాఖ శుద్ధంలో పదిహేను, బహుళంలో పది. మొత్తం 41 తిథులు. అంటే చిన్న జయంతి నాడు మాల వేసుకున్నవాడికి పెద్ద జయంతి నాటికి మండల దీక్ష నిండుతుంది. 21 రోజులకు, 11 రోజులకు వేసుకునేవాళ్ళూ ఉన్నారు.

ఈ 41 రోజులను నియమంగానే చూస్తాం గానీ, నడకకు ఇంతకు మించిన సాధన లేదు. రోజూ చెప్పుల్లేకుండా పొలానికీ, దుకాణానికీ తిరిగితే అరికాలి తోలు మందమవుతుంది. తెల్లవారుజామున లేవడం, చన్నీళ్ళ స్నానం, ఒంటిపూట భోజనం, నేల మీద పడక ఒంటిని ఎండాకాలానికి అలవాటు చేస్తాయి. పదకొండు రోజుల మాలతో బయలుదేరినవాడి కాళ్ళకు ఆ అదను దొరకదు. సగం దారిలో బొబ్బలెక్కేది ముందు ఆ కాళ్ళే. దీక్ష చిన్నదైతే మాల వేసుకోక ముందు నుంచే రోజుకో గంట మట్టిబాటన వట్టికాళ్ళతో నడవడం మేలు.

ఇక దారి లెక్క. కోరుట్ల నుంచి జగిత్యాలకు 63వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 25 కిలోమీటర్లు. జగిత్యాలలో కరీంనగర్ వైపు తిరిగి 563వ నంబరు రహదారి పడితే కొండగట్టుకు ఇంకో 15. అంతా కలిపి నలభై. మోటారు సైకిల్ మీద గంట ప్రయాణం. వట్టికాళ్ళతో, గుంపుతో నడిస్తే గంటకు నాలుగు కిలోమీటర్లు దాటదు. నడక పది గంటలు, ఆగడానికి రెండు గంటలు. సాయంత్రం ఆరున్నరకు కోరుట్ల దాటితే మర్నాడు పొద్దున ఆరున్నరకు కొండ కింద ఉంటారు. సరిగ్గా ఒక్క రాత్రి.

రాత్రే ఎందుకంటే, పెద్ద జయంతి పడేది మే రెండో వారం నుంచి జూన్ మొదటి వారం లోపల. జగిత్యాల ఎండలు నలభై నాలుగు, నలభై ఐదు డిగ్రీలకు చేరే కాలం. అలాంటి మధ్యాహ్నం తారు రోడ్డు అరవై డిగ్రీలు దాటి కాలుతుంది. నాలుగింటికి గాలిలో వేడి కాస్త తగ్గినట్టనిపించినా తారు మింగిన వేడిని అంత తొందరగా వదలదు. గురుస్వామి అరికాలితో చూసేది దాన్నే. తెల్లారాక కూడా అంతే, ఎనిమిది దాటితే మెట్ల రాయి కాలడం మొదలు. అందుకే అనుభవం ఉన్నవాళ్ళు ఎన్నింటికి బయలుదేరాలి అని మొదలుపెట్టరు. ఎన్నింటికి మెట్లెక్కాలో ముందు అనుకొని, అక్కడి నుంచి వెనక్కి లెక్క కట్టుకుంటారు.

వెన్నెల లెక్క కూడా ఉంది. చిన్న జయంతికి ముందు రాత్రి చతుర్దశి. పొద్దు గూకకముందే చంద్రుడు తూర్పున ఉంటాడు. కోరుట్ల నుంచి జగిత్యాలకు నడక కూడా తూర్పుకే కాబట్టి దీపం ఎదురుగా పట్టినట్టే. పెద్ద జయంతికి ముందు రాత్రి నవమి. చంద్రుడు లేచేసరికి రాత్రి ఒంటిగంట ప్రాంతం, అదీ సగానికి తగ్గిన చంద్రుడు. అంటే జగిత్యాల దాకా దాదాపు చీకటి నడక. టార్చిలైట్లు, వీపున మెరిసే పట్టీలు ఆ రాత్రికి తప్పనిసరి. రోడ్డుకు కుడి అంచున నడిస్తే ఎదురుగా వచ్చే బండి కంటికి కనిపిస్తుంది. ఎడమన నడిస్తే లారీ వెనక నుంచి వస్తుంది. గుంపుకు ముందొకడు, వెనకొకడు లైటు పట్టుకొని ఉండాలి. వెనకవాడు అందరికంటే ఓపిక ఉన్నవాడై ఉండాలి.

పాదాల సంగతి. తారుకు పక్కన మట్టి ఉంటే మట్టే నయం, కానీ చీకట్లో తుమ్మముల్లు, గాజుపెంకు కనిపించవు. అందుకే లైటు వెలుగు దూరం మీద కాక, నాలుగు అడుగుల ముందు పడాలి. వేడెక్కిందని కాళ్ళ మీద నీళ్ళు గుమ్మరించుకోవడం చాలామంది చేసే పొరపాటు. తడికి తోలు మెత్తబడి, తొందరగా బొబ్బలెక్కుతుంది. కడిగితే తువ్వాలతో పూర్తిగా తుడిచి, కొబ్బరినూనె పలచగా రాయాలి. బొబ్బ లేస్తే గిల్లకుండా శుభ్రమైన నూలుగుడ్డ కట్టాలి. ఐదు కిలోమీటర్లకోసారి ఆగాలి, కానీ పది నిమిషాలే. అరగంట కూర్చుంటే పిక్కలు పట్టేస్తాయి. లేచాక వేసే మొదటి పది అడుగులే ఆ రాత్రికంతా కష్టమైనవి.

తాగే నీళ్ళు గంటకు అర లీటరుకు తగ్గకూడదు. చెమటతో పోయేది నీళ్ళొక్కటే కాదు, ఉప్పు కూడా. ఉప్పేసిన సల్ల, నిమ్మకాయ నీళ్ళు, ఓఆర్ఎస్ పొట్లాలు తోడుగా వచ్చే ట్రాలీ ఆటోలో ఉండాలి. ఒంటిపూట నియమం ఉన్నవాళ్ళు ఆ పూటను బయలుదేరే ముందే ముగించుకొని, దారిలో అరటిపండు, బెల్లం, పల్లీలతో గడుపుతారు. ఊళ్ళవాళ్ళు పులిహోర, గుడాలు పెట్టి పిలుస్తారు. ప్రసాదంగా పిడికెడు తీసుకోవడం మర్యాద, కడుపు నిండా తింటే నడక సాగదు. జగిత్యాల పొలిమేరలో చల్‌గల్ మామిడి మార్కెట్ ఉంది. కాయల కాలం కాబట్టి చీకట్లోనే వాసన తెలుస్తుంది. ఆ వాసన తగిలితే ఊరు దగ్గరపడ్డట్టే. ఎవరికైనా మాట తడబడినా, చెమట ఆగి ఒళ్ళు కాలినా, మొక్కు అక్కడితో ఆపి నీడకు చేర్చి, ఒళ్ళు తడిపి, దవాఖానకు తీసుకుపోవాలి. ఆటో వెంట ఉండేది సామాను కోసమే కాదు.

సిరిసిల్ల నుంచి వచ్చేవారి దారి వేరు. వేములవాడకు పన్నెండు కిలోమీటర్లు, నడుమ అగ్రహారంలో జోడాంజనేయస్వామి. రాజన్న సన్నిధిలో రాత్రి పడుకొని, మర్నాడు పొద్దు గూకాక ముప్పై కిలోమీటర్లకు పైగా కొండగట్టు నడక. సాంచల (మరమగ్గాల) మధ్య రోజంతా నిలబడే కార్మికులు ఇందులో చాలామంది. నిలబడే కాలు వేరు, నడిచే కాలు వేరని మొదటి ఏడు వాళ్ళకు తెలిసొస్తుంది. చిన్న మజిలీ ముందు, పెద్ద మజిలీ తరువాత పెట్టుకోవడంలోని తెలివి అదే: మొదటి రోజు కాలికి దారి నేర్పుతుంది.

ఇన్ని జాగ్రత్తల్లోనూ అన్నిటికన్నా పెద్దది వేగం. గుంపు వేగాన్ని అందరికంటే మెల్లగా నడిచే స్వామి నిర్ణయించాలి. అతన్ని వెనక వదిలేస్తే కుంటుతాడు, సిగ్గుతో చెప్పడు. ముందు వరుసలో పెట్టి భజన పాట ఎత్తుకుంటే, పాట అడుగును పట్టి ఉంచుతుంది. ఎవరూ ఉరకరు, ఎవరూ ఆగిపోరు. ఆషాఢ ఏకాదశికి మహారాష్ట్రలోని దేహూ, ఆళంది నుంచి దాదాపు మూడు వారాలు పండరిపురం నడిచే వార్కరీలు కూడా దిండీలనే గుంపులుగా కట్టి, పాటతోనే అడుగు కలుపుతారు. నలభై కిలోమీటర్లకైనా మూడు వారాలకైనా సూత్రం ఒకటే.

ఈ నడక విలువ కూడా అక్కడే కనిపిస్తుంది. దుబాయి నుంచి సెలవు మీద వచ్చినవాడు, బీడీలు చుట్టే తల్లి కొడుకు, కాలేజీ పిల్లవాడు, దుకాణం సేటు ఒక రాత్రంతా ఒకే వేగంతో నడుస్తారు, ఒకరినొకరు స్వామీ అనే పిలుచుకుంటారు. బస్సు కిటికీలోంచి ఏనాడూ చూడని ఊళ్ళు చలివేంద్రం దగ్గర చెంబెడు నీళ్ళతో పరిచయమవుతాయి.

కొండ కిందికి వచ్చాక నడిచేవాళ్ళకు మెట్ల దారి ఉంది. 2018 సెప్టెంబర్ 11న ఇక్కడి ఘాట్ రోడ్డులో బస్సు లోయలో పడి అరవై మందికి పైగా పోయారు. రాత్రంతా నిద్ర లేని కాళ్ళతో, బళ్ళ నడుమ ఆ మలుపులు ఎక్కడం కంటే మెట్లే మేలు. కోనేట్లో స్నానం, దర్శనం, మాల విరమణ. తిరిగి వెళ్ళడం బస్సులోనే, అందులో మొహమాటం అక్కర్లేదు.

ఈ గుడి పుట్టుక కథలోనూ ఒక నడకే ఉంది. సుమారు నాలుగు వందల ఏళ్ళ కిందట సింగం సంజీవుడనే పశువుల కాపరి, తప్పిపోయిన పశువును వెతుక్కుంటూ కొండెక్కి, అలసి చెట్టు కింద కునుకు తీశాడట. కలలో స్వామి కనిపించి, తాను కోరంద పొదలో ఉన్నానని చెప్పాడట. వరం ఇస్తానని కాదు, ఎండా వానా ముల్లూ తగలకుండా తనకు కాస్త నీడ చూడమని అడిగాడట. పశువు జాడ కూడా చూపించాడంటారు.

ఎండా, ముల్లూ. నడిచేవాడి దిగులు కూడా ఆ రెండే. గురుస్వామి తారు మీద అరికాలు పెట్టి చూస్తుంటే, అది నమ్మకం చాలక చేసే పని అని ఏ కుర్ర స్వామైనా అంటే, ఈ కథ చెబితే చాలు.